ఆషాఢంలోనూ అదే జీతం

ఇంటి బడ్జెట్ గురించి చెప్పే పుస్తకాలు చాలావరకు ఒకటో తారీఖుతో మొదలవుతాయి. జీతం పడింది. అందులో సగం అవసరాలకు, ముప్ఫై శాతం సరదాలకు, ఇరవై శాతం పొదుపుకు. ఈ 50-30-20 లెక్కను బాగా ప్రచారంలోకి తెచ్చింది 2005లో అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా కలిసి రాసిన పుస్తకం. లెక్క మంచిదే, కాకపోతే అది ఒకటో తారీఖు ఉన్నవాళ్ళది. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్‌కి, షామియానాలు వేసేవాళ్ళకి, లేడీస్ టైలర్‌కి, తాపీ మేస్త్రికి, మిర్చి యార్డుకు తోలే రైతుకు ఒకటో తారీఖంటే అద్దె కట్టాల్సిన రోజు, అంతే. ఆషాఢంలో ఎనిమిది వేలు వచ్చిన ఇంట్లో అవసరాలకని సగం తీస్తే నాలుగు వేలు. దాంతో అద్దె కూడా తీరదు. వైశాఖంలో అరవై వేలు వచ్చినప్పుడు సరదాల వాటా పద్దెనిమిది వేలు. ఆ నెలలో ఆ ఇంట్లో సరదా పడటానికి ఎవరికీ తీరికే ఉండదు.

ఇలాంటి ఇంటిని నెలతో కొలవకూడదు, ఏడాదితో కొలవాలి. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. వ్యవసాయం మీద బతికిన ఇళ్ళన్నీ అలాగే నడిచాయి. పంట ఇంటికొచ్చాక ఏడాదికి సరిపడా గింజలు గాదెలోకి పోయేవి, చింతపండు, ఎండుమిరప జాడీల్లోకి పోయేవి. ఊళ్ళో వృత్తి పనులవాళ్ళకు ఇచ్చేది కూడా కళ్ళంలోనే, ఏడాదికి లెక్క కట్టి ఇచ్చేవారు. నెలజీతాల ఉద్యోగాలొచ్చాక మన లెక్కలన్నీ నెలకు మారాయి. రాబడి నెలవారీగా మారనివాళ్ళ లెక్క కూడా దాంతోపాటే మారిపోవడం వల్లే ఇబ్బంది వచ్చింది. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది ఒక్కటే: మీ రాబడి ఎలా వచ్చినా, మీ ఇంటికి మాత్రం నెలనెలా ఒకే జీతం మీరే ఇవ్వాలి.

ఒక ఇంటి లెక్క

ఒక మండల కేంద్రంలో ఉండే పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలు, బడికెళ్ళే ఇద్దరు పిల్లలు. అంకెలు నేను వేసినవే. మీవి వేరుగా ఉంటాయి, ఎత్తుపల్లాలు మాత్రం ఇంచుమించు ఇలాగే ఉంటాయి. కరిజ్మా ఆల్బమ్ ఖర్చు, వెంట వచ్చే కుర్రాడి కూలి, డ్రోన్ అద్దె, పెట్రోలు అన్నీ తీసేశాక ఇంటికి మిగిలేది చూద్దాం.

జనవరిలో పుష్యం, ముహూర్తాల్లేవు, 12,000. ఫిబ్రవరిలో మాఘం, 48,000. మార్చిలో 36,000, ఏప్రిల్‌లో 40,000. మే నెలలో వైశాఖ ముహూర్తాలు, 62,000. జూన్‌లో 30,000. జూలైలో ఆషాఢం, పుట్టినరోజులూ పాస్‌పోర్టు ఫొటోలూ తప్ప ఏమీ లేవు, 8,000. ఆగస్టులో శ్రావణం, 45,000. సెప్టెంబరులో భాద్రపదం, 10,000. అక్టోబరులో 25,000, నవంబరులో కార్తీకం పుణ్యమా అని 38,000, డిసెంబరులో 18,000.

మొత్తం 3,72,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 31,000. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. 'నెలకు ముప్ఫై ఒక్క వేలు వస్తున్నట్టేగా' అనుకుని ఆ స్థాయికి తగ్గ ఇల్లు అద్దెకు తీసుకుంటారు, ఆ స్థాయి వాయిదాకు బండి తీసుకుంటారు. ఆ పన్నెండు నెలలూ మళ్ళీ చూడండి, ముప్ఫై ఒక్క వేలు వచ్చిన నెల ఒక్కటి కూడా లేదు. పైగా ఈ 31,000లో నెలనెలా కాకుండా ఏడాదికోసారి మీద పడే ఖర్చులు కూడా దాక్కుని ఉన్నాయి. ముందు వాటిని బయటికి లాగాలి.

ఈ ఇంటికి జూన్‌లో స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం కలిపి 36,000. సంక్రాంతి, దసరా, వరలక్ష్మీ వ్రతం లాంటివాటికి 15,000. పెళ్ళిళ్ళలో చదివింపులు, గృహప్రవేశాలు, బారసాలలు 12,000. (ఈ పద్దు రాయమంటే అందరూ తక్కువే రాస్తారు. పోయినేడాది పెళ్ళి కార్డులన్నీ ముందేసుకుని లెక్కపెట్టండి.) బండి ఇన్సూరెన్స్, బీమాలు 6,000. పన్నులూ చిల్లర మల్లర ఫీజులూ 3,000. మొత్తం 72,000. ఇవి అనుకోని ఖర్చులు కావు. జూన్‌లో బడి తెరుస్తారని జనవరిలోనే అందరికీ తెలుసు. అయినా ప్రతి జూన్‌లోనూ బంగారం బ్యాంకుకు వెళ్తూనే ఉంటుంది.

3,72,000లో 72,000 తీసేస్తే 3,00,000, అంటే నెలకు 25,000. ఇక్కడ కూడా ఆగకూడదు. అందులోంచి నెలకు మూడు వేలు గడ్డు కాలానికి పక్కకు తీస్తే ఇంటి జీతం 22,000. అద్దె, బియ్యం, పాలు, కూరలు, గ్యాస్, కరెంటు, ఫోన్లు, మందులు, ఇద్దరి చేతిఖర్చు అన్నీ ఇందులోనే. మే నెలలో 62,000 వచ్చినా ఇంటికి 22,000. జూలైలో 8,000 వచ్చినా ఇంటికి 22,000.

ఇది కుదురుతుందా అని అనుమానమొస్తే ఫిబ్రవరి నుంచి నడిపి చూడండి. ఫిబ్రవరిలో 26,000 మిగులు. మార్చికి 40,000, ఏప్రిల్‌కి 58,000, మే ఆఖరికి 98,000. జూన్‌లో జీతం, స్కూలు ఫీజు పోగా 70,000. ఆషాఢం 14,000 తినేస్తుంది, 56,000. శ్రావణం మళ్ళీ నింపుతుంది. ఇలా జనవరి దాటేసరికి పండగలూ చదివింపులూ అన్నీ పోగా చేతిలో 36,000 ఉంటుంది. అదే మీ గడ్డుకాలం డబ్బు.

ఈ లెక్కలో ప్రమాదం ఎక్కడుందో గమనించారా? జూలైలో కాదు, మే ఆఖర్లో. ఖాతాలో తొంభై ఎనిమిది వేలు కనబడతాయి. కొత్త లెన్స్ గుర్తొస్తుంది, బావమరిది అడిగిన చేబదులు గుర్తొస్తుంది, ఫ్రిజ్ పాతదైందని ఇంట్లోవాళ్ళకు గుర్తొస్తుంది. కానీ వచ్చే రెండు నెలల్లోనే అందులో 42,000 పోవాలి, భాద్రపదం ఇంకా ముందుంది. 'ఉంటే ఉగాది, లేకపోతే శివరాత్రి' అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఉగాదినాటి డబ్బులో శివరాత్రి వాటా ఎంతో తెలియకపోవడంతోనే ఇళ్ళు అప్పుల్లో పడతాయి.

పంచాంగంలో పనికొచ్చే పేజీ

క్రమం తప్పిన ఆదాయమంటే అంతు తెలియని ఆదాయమని కాదు. చాలా వృత్తుల్లో ఏ నెలలో పని ఉండదో ముందే తెలుసు. టైలర్‌కి జూన్‌లో యూనిఫాంలు, శ్రావణంలో జాకెట్లు, దసరాకీ సంక్రాంతికీ బట్టలు. గుంట మగ్గం మీద నేసేవాళ్ళకు వానాకాలంలో గుంటలోకి నీరూరితే పని ఆగుతుంది. మేస్త్రికి ముసురు పట్టిన వారాలన్నీ ఖాళీ. గుంటూరు యార్డుకు మిర్చి జోరుగా వచ్చేది జనవరి తర్వాత, వేసవి మధ్య దాకా.

ముహూర్తాల మీద బతికేవాళ్ళకైతే మరీ తేలిక. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని పంతులుగారు చదువుతుంటే చెవులు రిక్కిస్తాం. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అనగానే మొహం మాడ్చుకునేవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే ఫొటోగ్రాఫర్ చూడాల్సిన పేజీ అది కాదు, వివాహ ముహూర్తాలు వేసిన పేజీ. 2023లో అధిక శ్రావణం వచ్చింది, జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా పెళ్ళిళ్ళ ఊసు లేదు. 2024 వేసవిలో గురు, శుక్ర మూఢాలు రెండూ వచ్చి మే, జూన్ నెలలు ఖాళీగా పోయాయి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఇవేవీ ఆకాశం నుంచి ఊడిపడ్డవి కావు. ముందే అచ్చయి క్యాలెండర్‌లో ఉన్నవే.

మన లెక్కను 2024 లాంటి వేసవితో పరీక్షించి చూద్దాం. మే, జూన్ కలిపి 92,000 రావలసిన చోట ఏ ఇరవై వేలో వచ్చాయనుకోండి. 72,000 గండి. ఆ పెళ్ళిళ్ళు కొన్ని ముందుకో వెనక్కో జరుగుతాయి కదా అంటారేమో. జరుగుతాయి. కానీ ముహూర్తాలు తక్కువై ఒకే రాత్రికి ఊళ్ళో నాలుగు పెళ్ళిళ్ళు పడితే ఒక ఫొటోగ్రాఫర్ ఒక్క మండపంలోనే ఉండగలడు. పోయిన పని పోయినట్టే. ఏడాదికి 36,000 వెనకేస్తే ఆ గండి పూడ్చడానికి రెండేళ్ళ పొదుపు కావాలి. అందుకే ఒక్క ఏడాది లెక్కల పుస్తకం చూసి జీతం నిర్ణయించుకోవద్దు. వీలైతే మూడేళ్ళది తీయండి, అందులో అన్నిటికంటే చెడ్డ ఏడాదిని పక్కన పెట్టుకుని చూడండి. పుస్తకం రాసే అలవాటు లేదంటారా, ఆర్డర్ల డైరీ ఉంటుంది. ఫోన్‌పే, గూగుల్ పే చరిత్ర ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది. ఒక పూట కూర్చుంటే ముప్పాతిక వంతు లెక్క తేలుతుంది. మిగతా పావు వంతు చేతికి చేయి మారిన నోట్లు. వాటి గురించి ఇంట్లో అడిగితే మీకంటే బాగా గుర్తుంటుంది.

రెండు ఖాతాలు

చెరువు నిండినంత మాత్రాన నీళ్ళన్నీ ఒకేసారి పొలంలోకి వదలరు. తూము ఎత్తి కావలసినంతే వదులుతారు. ఇంటి డబ్బుకు కూడా తూము ఒకటి కావాలి. దానికి రెండు బ్యాంకు ఖాతాలు చాలు.

మొదటిది రాబడి ఖాతా. పని మీద వచ్చే ప్రతి రూపాయీ అందులోకే. షాపులో అతికించే క్యూఆర్ కోడ్ దానిదే. నోట్లు వస్తే వారానికోసారి వెళ్ళి వేయాలి. ఈ ఖాతా మీ చేతిలోని ఫోన్‌తో ఖర్చు పెట్టడానికి వీల్లేకుండా ఉండాలి, ఏటీఎం కార్డు బీరువాలో ఉండాలి. రెండోది ఇంటి ఖాతా. పాలు, కూరలు, కిరాణా, కరెంటు బిల్లు అన్నీ దీనికి తగిలించిన యూపీఐ నుంచే. ప్రతి నెలా ఒకటో తారీఖున మొదటి ఖాతా నుంచి రెండో ఖాతాకు 22,000. ఇరవై రెండో తారీఖుకే అయిపోయిందా, అయిపోయిందనే అర్థం. మొదటి ఖాతా తెరిచి మరో మూడు వేలు వేసుకుంటే ఇక రెండు ఖాతాలెందుకు?

వ్యాపారం ఖర్చు సంగతి వేరు. ఆల్బమ్ ప్రింటింగుకు పంపే డబ్బు, కుర్రాడి కూలి రాబడి ఖాతా నుంచే పోవాలి, ఇంటి ఖాతాలోంచి కాదు. ఈ రెండూ కలిసిపోతే మీ వృత్తిలో మీకు నిజంగా ఎంత మిగులుతోందో ఎప్పటికీ తెలియదు. చాలామంది చేతిపనివాళ్ళకు తమ ధర తక్కువ పెడుతున్నామని తెలిసేది ఈ పద్దులు విడదీశాకే.

అడ్వాన్సు గురించి ఒక మాట. పెళ్ళి మూడు నెలలుండగా వచ్చిన పదివేలు మీ ఆదాయం కాదు. ఆ పెళ్ళి ఆగిపోతే తిరిగివ్వాల్సింది, జరిగితే ఆల్బమ్‌కి పోవాల్సింది. పుస్తకంలో దాని పక్కన గుర్తు పెట్టుకోండి, ఫొటోలు చేతికిచ్చాక గుర్తు కొట్టేయండి. అటువైపు, రావలసిన బాకీ కూడా ఆదాయం కాదు. 'వాళ్ళు ఇరవై వేలివ్వాలి' అన్న మాట మీద కిరాణా కొట్టువాడు బియ్యం ఇవ్వడు.

జీతం ఎవరి చేతికి

ఈ పద్ధతి ఎక్కువగా దెబ్బతినేది లెక్కల దగ్గర కాదు, ఇంట్లో. సంపాదించేవాళ్ళు ఎంత వచ్చిందో ఇంట్లో చెప్పరు. చెబితే ఖర్చు పెరుగుతుందని భయం. చెప్పకపోవడం వల్ల ఇంట్లోవాళ్ళకు వైశాఖమేదో ఆషాఢమేదో తెలియదు. పెళ్ళి పనులతో అలసిపోయి వచ్చిన నెలలోనూ, ఖాళీగా కూర్చున్న నెలలోనూ ఒకేలాగా 'లేవు' అంటుంటే ఆ మాటకు విలువ పోతుంది. నా ఉద్దేశంలో ఇంటి జీతం ఇల్లు నడిపేవాళ్ళ చేతికే పూర్తిగా ఇచ్చేయాలి, రాబడి ఖాతా పుస్తకం కూడా వాళ్ళు ఎప్పుడైనా తెరిచి చూసేలా ఉండాలి. సంపాదించేవాళ్ళ చేతిఖర్చు కూడా ఆ జీతంలోంచే రావాలి. టీలకూ సిగరెట్లకూ సినిమాలకూ రాబడి ఖాతాలో వేరే తలుపు ఉండకూడదు.

పదేళ్ళు దాటిన పిల్లలకు కూడా కాస్త చెప్పాలి. 'నాన్నకు జూలైలో పని ఉండదు' అని తెలిసిన పిల్లాడు సైకిల్ ఆగస్టులో అడుగుతాడు. తెలియనివాడు జూలైలో అడిగి, లేదనిపించుకుని, నాన్నకు తనమీద ప్రేమ లేదనుకుంటాడు.

ఇంత కట్టుదిట్టంగా ఉంటే మనిషికి ఊపిరి సలపదన్నది కూడా నిజమే. రాత్రుళ్ళు మేలుకుని ముప్ఫై పెళ్ళిళ్ళు తీసినవాడికి మే ఆఖర్న చేతిలో ఏమీ కనబడకపోతే జూన్‌లో ఏదో ఒక రోజు కట్టలు తెగుతాయి. అందుకని సీజన్ ముగిశాక ఆ సీజన్ రాబడిలో ఇంత అని ఒక బోనస్ పెట్టుకోండి. రెండు, మూడు శాతం చాలు. దాన్ని ఎలా ఖర్చు పెట్టారని ఎవరూ అడగకూడదు. కుటుంబమంతా తిరుపతి వెళ్ళొస్తారో, హోటల్లో బిరియానీ తింటారో వాళ్ళ ఇష్టం. ఇందులో పొదుపు ప్రసక్తి తేవద్దు.

ఏడాది సరుకు

బాగా వచ్చిన నెలలో డబ్బు దాచడానికి బ్యాంకు ఒక్కటే దారి కాదు. కొన్ని సరుకులుగా కూడా దాచుకోవచ్చు, మన ఇళ్ళల్లో ఎప్పుడూ చేసిన పనే. ఎండుమిర్చి, పసుపు, చింతపండు, కొత్త కందిపప్పు ఏడాది మొదటి నాలుగైదు నెలల్లో బజారుకొస్తాయి. పెళ్ళిళ్ళ మీద బతికే ఇంట్లో చేతిలో డబ్బు ఆడేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. మేలో ఆవకాయ పెడితే ఆషాఢంలో కూరల ఖర్చు తగ్గుతుంది. బియ్యం రెండు బస్తాలు ఒకేసారి తెస్తే పాతబడ్డ బియ్యం వండుకోవచ్చు, ధర కూడా కలిసొస్తుంది. అయితే ఏడాది సరుకు కొన్న నెలలో ఆ ఖర్చు ఇంటి జీతంలోంచి కాకుండా రాబడి ఖాతా నుంచి పోవాలి. ఆ మేరకు తర్వాతి నెలల జీతం తగ్గించుకోవాలి, లేకపోతే రెండుసార్లు ఖర్చుపెట్టినట్టే. నూనె, పిండ్లు మాత్రం ఎక్కువ కొనొద్దు. పురుగు పట్టిన పిండి, పాడైన నూనె కూడా నష్టం కిందే లెక్క.

కిరాణా అరువు గురించి మరీ కటువుగా చెప్పను. ఖాతా పెట్టి నడిపే కొట్టు చాలా ఇళ్ళను గట్టెక్కించింది. కానీ అరువు పెట్టిన చోట ధర అడగలేం, వేరే కొట్టుకు పోలేం. జీతం పద్ధతి మొదలయ్యాక మొదట తీర్చాల్సిన బాకీల్లో అదొకటి.

వాయిదాలు, చీటీలు, వడ్డీలు

నెలనెలా తప్పక కట్టాల్సింది ఏదైనా ఇంటి జీతంలోంచి కట్టగలిగితేనే ఒప్పుకోవాలి. సీజన్ డబ్బు చూసి ఒప్పుకోవద్దు. బండి వాయిదా నాలుగు వేలంటే అది ఆషాఢంలోనూ నాలుగు వేలే. ఆటోడెబిట్ తిరిగొస్తే బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ రెండూ రుసుము వేస్తాయి.

ఏడాదికోసారి కట్టే వీలున్నవన్నీ ఏడాదికే పెట్టుకోండి, కట్టే తేదీ మీ మంచి నెలలో పడేలా చూసుకోండి. జీవిత బీమా పాలసీ తీసుకునే రోజును బట్టే ప్రీమియం తేదీ వస్తుంది. కాబట్టి ఏజెంటు మార్చి నెలాఖరని తొందరపెట్టినా, మీ సీజన్ మేలో అయితే మేలోనే తీసుకోండి. ప్రధానమంత్రి జీవనజ్యోతికి ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు మే నెలాఖర్లో ఖాతా నుంచి వాటంతటవే పోతాయి, జూన్ 1 నుంచి ఏడాది రక్షణ. వీటిని రాబడి ఖాతాకే తగిలించండి. ఆ నెలాఖర్న అది ఖాళీగా ఉండదు.

పొదుపులో కూడా ఇదే సూత్రం. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలనెలా కట్టాలి. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. పీపీఎఫ్‌లో ఏడాదికి కనీసం 500, సుకన్య సమృద్ధిలో 250 వేస్తే చాలు, మిగతాది ఎప్పుడు ఉంటే అప్పుడు వేసుకోవచ్చు. సీజన్ మీద బతికేవాళ్ళకు ఈ రెండూ నప్పుతాయి. సుకన్య పదేళ్ళలోపు ఆడపిల్ల ఉన్న ఇంటికే.

చీటీ సంగతి కాస్త ఆగి చూడాలి. పాట పాడనంత కాలం అది పొదుపు, పాడాక అప్పు. జూన్ ఫీజు కోసం ఎక్కువ తగ్గించి పాడేసి, ఆషాఢం నుంచి వాయిదాలు కట్టలేక జామీను ఉన్నవాళ్ళ దగ్గర మాట పడటం కళ్ళముందు జరిగేదే. చీటీ వేస్తే 1982 చిట్ ఫండ్ చట్టం కింద నమోదైన సంస్థలోనే వేయండి. వీధి చివర ఎవరో పెట్టినదాన్ని అభిమానం కొద్దీ నమ్మొద్దు. అక్కడ గొడవొస్తే మీ చేతిలో కాగితం కూడా ఉండదు. వాయిదా మాత్రం మళ్ళీ ఇంటి జీతంలో ఇమిడేంతే.

వడ్డీని మనవాళ్ళు నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు, అందుకే అది చిన్నదిగా వినబడుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఐదు రూపాయలంటే 60. పది రూపాయలంటే 120. రోజువారీ ఫైనాన్స్ ఇంకో రకం: పదివేలు రాసుకుని చేతికి తొమ్మిది వేలిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పోయింది వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు కరుగుతూ ఉంటుంది కాబట్టి లెక్కేస్తే ఏడాదికి డెబ్బై ఐదు శాతం దాటుతుంది. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్ళకు, బంగారం మీద బ్యాంకులో తీసుకోగలిగినవాళ్ళకు ఈ గుమ్మం ఎక్కాల్సిన అవసరం లేదు. సీజన్‌లో చిన్న నగ కొనుక్కోవడం తప్పని నేననను, గడ్డు నెలలో బ్యాంకులో పెట్టడానికి అదే పనికొస్తుంది. తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ మాత్రం తిరిగి రావని తెలిసి కొనండి.

రోజువారీ రాబడి ఉన్న ఆటో డ్రైవర్లకు, డెలివరీ కుర్రాళ్ళకు నెల కూడా దూరమే. వాళ్ళు వారం జీతం పెట్టుకోవచ్చు. గ్యాసు, పెట్రోలు, బండి వాయిదా వాటా ఏ రోజుకారోజు పక్కకు తీసి, మిగిలింది రాబడి ఖాతాలో వేసి, ప్రతి సోమవారం ఇంటికి ఒకే మొత్తం ఇవ్వాలి. వారంలో ఒకరోజు బండి షెడ్డులో ఉంటుందని ముందే అనుకుని ఆరు రోజుల రాబడి మీదే లెక్క వేయాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఈ పద్ధతి ఆషాఢంలో మొదలుపెట్టకండి. ఖాళీ చెరువుకు తూము ఎత్తినా ఏమీ రాదు. మంచి నెల దాకా ఆగి, ఆ నెల రాబడితో మొదలుపెట్టండి. బాకీలున్నవాళ్ళు మొదటి సీజన్ మిగులులో సగం ఎక్కువ వడ్డీ అప్పుకు, సగం ఖాతాలో ఉంచాలి. మొత్తం అప్పుకే ఊడ్చి కట్టేస్తే ఆషాఢంలో అదే మనిషి దగ్గర మళ్ళీ తీసుకుంటారు. మొదటి ఏడాది 22,000 కుదరకపోతే 19,000తో మొదలుపెట్టండి. జీతం పెంచుకోవాలంటే ఏడాదికి ఒక్కసారే, గడ్డుకాలం డబ్బు కనీసం మూడు నెలల జీతమంత అయ్యాకే.

అధిక మాసమో మూఢమో ముందుందని తెలిసిన ఏడాది, ఏ ఖర్చు ముందు తగ్గించాలో ఇద్దరూ కూర్చుని ఉగాదికే రాసిపెట్టుకోండి, డబ్బు కరువైన నెలలో కాదు. ఫొటోగ్రాఫర్ ఇంట్లో ఆ కాగితం మీద మొదట ఉండాల్సింది కొత్త లెన్స్. తర్వాత దసరా బట్టలు. ఆ తర్వాత చదివింపులు: వెయ్యి నూట పదహార్లు పెట్టే చోట ఐదు వందల పదహార్లు. చివరి దాకా ముట్టుకోకూడనివి స్కూలు ఫీజు, అమ్మ బీపీ మాత్రలు, బీమా ప్రీమియం. ఆ కాగితాన్ని క్యాలెండర్‌లో జూలై పేజీ వెనక్కి పిన్ను కొట్టి ఉంచండి.